అమ్మమ్మ ధార, మీసాలాయన బూటు

ఆ రోజుల్లో కెనడాలోని వాటర్లూలో ఏ బస్సెక్కినా వెనక సీట్లలోంచి తెలుగు వినపడేది. ఇప్పుడు తిరుగుతున్న రైలు అప్పటికింకా రాలేదు. దాని పట్టాల కోసం ఊరి నడిబొడ్డంతా తవ్విపోసి, బస్సుల్ని సందుగొందులన్నీ తిప్పి తీసుకెళ్ళేవారు. ఆ చుట్టుతిరుగుడు ప్రయాణంలో ఎవరికి ఏ సబ్జెక్టు పోయిందో, ఎవరు ఏ పిజ్జా కొట్లో పనికి కుదిరారో, ఎవరి బేస్‌మెంట్‌లోకి వాననీళ్ళు వచ్చాయో అన్నీ తెలిసిపోయేవి. మన భాష ఇక్కడెవరికి అర్థమవుతుందిలే అన్న ధీమాతో గొంతు తగ్గించేవాళ్ళం కాదు. (ముందు సీటాయన కూడా తెలుగాయనే అన్న సంగతి ఆయన దిగుతూ “వస్తాను బాబూ” అన్నప్పుడు తెలిసేది.) గుంపులు గుంపులుగా విద్యార్థులు వచ్చిపడటం అప్పుడే మొదలైంది. ఒంగోలు నుంచి రెండు పెట్టెలతో, ఒక కుక్కరుతో దిగిన నేనూ ఆ గుంపులో ఒకణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాడి మీద నాకు జాలేస్తుంది, కాస్త అసూయా వేస్తుంది. జాలి ఎందుకో ముందు చెబుతాను.

నన్ను పెంచింది అమ్మమ్మ. ఆవిడ దృష్టిలో లోకంలో రెండే రకాల మనుషులు: ఎంగిలి పాటించేవాళ్ళు, పాటించనివాళ్ళు. మంచినీళ్ళ గ్లాసుకి ఎవరి పెదవైనా తగిలిందో, దాన్ని తోమి బోర్లించేదాకా ఆవిడ మనసు మనసులో ఉండేది కాదు. నాకు పాలపళ్ళు ఊడకముందే వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టి, ఇత్తడి గ్లాసు చేతికిచ్చి, ఎత్తి పోసుకుని తాగడం నేర్పింది. మొదట్లో నీళ్ళు ముక్కులోకి పోయేవి, చెవిలోకి పోయేవి, చొక్కాలోకి పోయేవి. నోట్లోకి తప్ప అన్నిచోట్లకీ పోయేవి. “తొందరేంట్రా నీకు? మెల్లగా... ధార తెగనీయకు” అనేది. ఆ వేసవి సెలవులు అయ్యేసరికి గతుకుల రోడ్డు మీద బస్సులో నిలబడి కూడా చుక్క కింద పడకుండా తాగగలిగేవాణ్ణి. కెనడా బయల్దేరేటప్పుడు అందరూ తలో జాగ్రత్తా చెప్పారు. అమ్మ చలి గురించి చెప్పింది, నాన్న చదువు గురించి చెప్పాడు. అమ్మమ్మ మాత్రం నా గడ్డం పుచ్చుకుని, “ఎవరి ఎంగిలీ తాగకు నాయనా” అంది. ఇంతేనా అనుకుని చేతిలో చెయ్యేసి మాటిచ్చాను.

చదువు మధ్యలో కో-ఆప్ అని ఒకటుండేది. ఒక టర్మ్ క్లాసులైతే ఇంకో టర్మ్ ఉద్యోగం చేయాలి, అలా రెండుసార్లు చేస్తేనే కోర్సు పూర్తయినట్టు. మొదటిసారి నాకు ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని దొరికింది. అక్కడి మేనేజరుకి రెండు వైపులా మెలితిరిగి పైకి లేచిన మీసాలుండేవి. ఆయన తల్లిదండ్రులు ఎప్పుడో జర్మనీలోని బవేరియా నుంచి వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడ్డారట. మేము ఇంటి దగ్గర ఆయన్ని మీసాలాయన అనే పిలుచుకునేవాళ్ళం. చేరి నెలలు గడిచినా నేను ఆయనతో గుడ్ మార్నింగ్ తప్ప ఇంకో మాట మాట్లాడి ఎరగను. పెద్దవాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడితే “ఏంటా చూపు?” అని నెత్తిన మొట్టికాయ పడే ఇంట్లో పెరిగాను మరి. ఆయన కుడివైపు మీసం చివర చూసి సమాధానం చెప్పేవాణ్ణి. టర్మ్ అయిపోవచ్చింది. రెండోసారి కూడా ఆయన పిలుస్తాడో లేదో తేలలేదు. పిలవకపోతే మళ్ళీ అప్లికేషన్లు, మళ్ళీ ఇంటర్వ్యూలు. ఎక్కడా దొరక్కపోతే కోర్సు ఆగుతుంది, కోర్సు ఆగితే వర్క్ పర్మిట్ ఆగుతుంది. రాత్రిళ్ళు నిద్ర కూడా ఆగిపోయింది.

అలాంటి సమయంలో మీసాలాయన దగ్గర్నుంచి టీమంతటికీ మెయిల్ వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఊరి చివర ఉన్న బవేరియన్ బ్రూవరీకి అందరూ రావాలి, అక్కడి బీర్ గార్డెన్‌లో కూర్చుందాం, అని. నేను ఆ మెయిల్ తీసుకెళ్ళి బావకి చూపించాను. బావ అంటే మా మేనత్త కొడుకు. నాకంటే ఒక్క టర్మ్ ముందొచ్చాడు. అందుకని కెనడా గురించి ఆయనకి తెలియనిది లేదు.

“ఇదేరా ఇంటర్వ్యూ!” అన్నాడు బావ, చేతిలో గరిటె పైకెత్తి. “ఆఫీసులో చేసేది పని. ఇక్కడ చేసేది నెట్‌వర్కింగ్. నిన్ను మళ్ళీ తీసుకోవాలో వద్దో ఆయన అక్కడే డిసైడ్ చేస్తాడు. రాసిపెట్టుకో.”

“నేను తాగను కద బావా.”

“నిన్నెవడు తాగమన్నాడ్రా? ఆపిల్ జ్యూస్‌లో సోడా కలిపి ఇస్తారు, చూస్తే అచ్చం బీరులాగే ఉంటది. అది పట్టుకుని నవ్వుతా కూర్చో. ఒకటే గుర్తుపెట్టుకో. గ్లాసుకి గ్లాసు తగిలించేటప్పుడు అవతలివాడి కళ్ళలోకి చూడాలి. చూడకపోతే ఏడేళ్ళు దరిద్రమంట వాళ్ళకి.”

“మనకి ఏలినాటి శని ఏడున్నర కదా?”

“వాళ్ళకి అర్ధ సంవత్సరం డిస్కౌంట్. కుళ్ళు జోకులు ఆపి, ఇటు చూడు నా కళ్ళలోకి.”

అలా గురువారం సాయంత్రమంతా మేం అద్దెకుండే బేస్‌మెంట్‌లో, రసం గిన్నె పక్కన, నీళ్ళ జగ్గులు పట్టుకుని బావా నేనూ ఒకరి కళ్ళలోకి ఒకరం చూసుకుంటూ “ప్రోస్ట్! ప్రోస్ట్!” అని రిహార్సల్ చేశాం. (ప్రోస్ట్ అంటే వాళ్ళ భాషలో చీర్స్.) పైన ఉండే ఇంటి ఓనర్ ఆంటీ ఒకసారి కిందికి వంగి చూసి, తలుపు వేసుకుంది.

శుక్రవారం వచ్చింది. ఆ బ్రూవరీ లోపలికి అడుగుపెట్టగానే పులిసిన పిండి వాసన గుప్పున కొట్టింది. ఇడ్లీ పిండి గుర్తొచ్చి సగం భయం పోయింది. అద్దాల వెనక పెద్ద పెద్ద రాగి డేగిసాలు తళతళలాడుతున్నాయి. వెనక పెరట్లో మేపుల్ చెట్ల కింద బారెడు బల్లలు, వాటికి రెండు వైపులా వీపు ఆనించుకునే వీలు లేని బెంచీలు. ఒక మూల అకార్డియన్ వాయించే ఆయన, అంతకంటే పెద్ద బాకా ఊదే ఇంకొకాయన. బుట్టచేతుల జాకెట్టు, అప్రాను కట్టుకున్న ఒకామె రెండు చేతుల్లో కలిపి లెక్క తెలియనన్ని లీటరు గ్లాసులు పట్టుకుని, చుక్క తొణక్కుండా నడిచొస్తోంది. బల్లమీద మెలితిరిగిన మహా చేగోడీ లాంటిది పెట్టారు. ప్రెట్జెల్ అట. బావ చెప్పినట్టే ఆపిల్ సోడా తెప్పించుకున్నాను. బెంచీ మీద నన్ను మీసాలాయన పక్కనే కూర్చోబెట్టారు. కాలు లోపలికి పెడుతూ ఆయన కాలు తొక్కాను. వెంటనే ఆయన భుజం తాకి కళ్ళకద్దుకున్నాను. అది మా ఊరి నమస్కారం అనుకున్నాడు కాబోలు, ఆయన కూడా నా భుజం తాకి కళ్ళకద్దుకున్నాడు. ప్రోస్ట్ చెప్పేటప్పుడు ఆయన కళ్ళలోకి చూశాను. ఆ కళ్ళు నీలంగా ఉన్నాయని అప్పుడే తెలిసింది. అంతా సవ్యంగా జరుగుతోంది, బావ కడుపు చల్లగా ఉండాలి అనుకున్నాను.

అప్పుడొచ్చింది బూటు. మోకాలిదాకా ఉండే బూటు ఆకారంలో గాజుతో చేసిన పాత్ర, దాని నిండా నురగలు కక్కుతున్న బీరు. బుట్టచేతులామె దాన్ని బల్ల చివర ఉన్న అమ్మాయి చేతికిచ్చి, గట్టిగా షరతులు చదివింది. బూటు చేతులు మారుతూ పోవాలి, బల్లమీద దించకూడదు. ఎవరి చేతిలో ఖాళీ అవుతుందో వాళ్ళు గెలిచినట్టు. వాళ్ళకంటే సరిగ్గా ముందు తాగినవాళ్ళు ఓడినట్టు. ఓడినవాళ్ళు, అదుగో, ఆ గోడకి వేలాడుతున్న తోలు నిక్కరు తొడుక్కుని బ్యాండు ముందు గంతులెయ్యాలి. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. చెప్పుతో కొడతానని బెదిరించడం మా వీధిలో చాలాసార్లు విన్నాను. చెప్పులో పోసి తాగిస్తారని ఎన్నడూ వినలేదు. పైగా అందరి నోళ్ళూ దానికే. ఆ అమ్మాయి తాగింది. పక్కాయన తాగాడు. మా టీములో ఒక గడ్డం కుర్రాడుండేవాడు, వాడు తాగుతుంటే గడ్డం సగం బూటులో మునిగి, పైకొచ్చినప్పుడు దాని చివర్నుంచి చుక్కలు మళ్ళీ బూటులోకే పడ్డాయి. నాకు ఒంగోల్లో అమ్మమ్మ కెవ్వున అరిచినట్టు వినిపించింది.

మీసాలాయన వంతు వచ్చింది. ఆయన ఆరితేరినవాడు. తన పక్కనున్న ఈ బక్క కుర్రాడు ఖాళీ చేయలేనంత ఉంచితే తనకి నిక్కరు గండం ఉండదని లెక్క వేసుకున్నట్టున్నాడు, రెండు గుక్కలు తాగి, సగానికి పైగా ఉన్న బూటుని నవ్వుతూ నా చేతుల్లో పెట్టాడు. మీసాల నిండా నురగ. నేను లేచి నిలబడ్డాను. అందరూ బల్ల మీద దరువు వేస్తున్నారు. తాగనంటే నన్ను మళ్ళీ పిలవాల్సిన మనిషిని నలుగురిలో అవమానించినట్టు. తాగితే అమ్మమ్మకి ఇచ్చిన మాట పోతుంది. బీరు తాగొద్దని ఆవిడ అనలేదు, నిజమే. బీరు అనేదొకటుందని ఆవిడ ఊహలోనే లేదు. కానీ ఎంగిలి! నేను ఏమీ తేల్చుకోకముందే నా చేతులు తేల్చేసుకున్నాయి. మెడ వెనక్కి వాలింది, బూటు పైకి లేచింది, సన్నటి ధార గాలిలోంచి సూటిగా నా నోట్లో పడటం మొదలైంది.

దరువు ఆగిపోయింది. అకార్డియన్ కూడా ఆగిందని తర్వాత చెప్పారు. చేదుగా, చల్లగా, పులిసిన రొట్టెలా ఉన్న ఆ పానీయం చుక్క బయటపడకుండా గొంతులోకి దిగుతోంది. “మెల్లగా... ధార తెగనీయకు” అన్న మాట తప్ప నాకింకేమీ వినపడటం లేదు. బల్ల చుట్టూ ఈలలు మొదలయ్యాయి. ఆ క్షణాన నాకు గర్వం తలకెక్కింది, దాంతోపాటు బీరు కూడా ఎక్కిందేమో, బూటుని ఇంకాస్త పైకెత్తాను. ఇత్తడి గ్లాసుకి మడమా వేళ్ళూ ఉండవు, బూటుకి ఉంటాయి. వేళ్ళ భాగాన్ని పక్కకి తిప్పి పట్టుకోవాలని, పైకి పెడితే అందులోకి గాలి దూరి మిగిలినదంతా ఒక్కసారిగా తన్నుకొస్తుందని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు, నాకు తప్ప. బుడుంగుమని ఒక శబ్దం వచ్చింది. మిగిలిన బీరంతా నా మొహం మీద, కళ్ళజోడు మీద పడి, అక్కడ్నుంచి చిట్లి, పక్కనే మెడ చాచి చూస్తున్న మీసాలాయన్ని నెత్తినుంచి తడిపేసింది. ఆయన మీసాలు రెండూ కిందికి వేలాడిపోయాయి.

ఒకటే నవ్వులు. ఆ నవ్వుల మధ్యలో గడ్డం కుర్రాడు అడిగాడు: “అది సరే, నోరెందుకు పెట్టలేదు నువ్వు? మాకేమైనా రోగమా?” వాడు సరదాకే అన్నాడు. కానీ నవ్వులు తగ్గిపోయి, అందరూ నా వంక చూశారు. మీసాలాయన రుమాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. ఎంగిలి అనే మాటకి ఇంగ్లీషులో మాట లేదని నాకు ఆ నిమిషంలో తెలిసింది. “సలైవా” అన్నాను. మొహాలు ముడుచుకున్నాయి. “డర్టీ కాదు, కానీ కంటామినేషన్...” అన్నాను. ఇంకా ముడుచుకున్నాయి. నోరు తెరిచిన కొద్దీ గొయ్యి లోతవుతోంది. కోర్సు, పర్మిట్, అన్నీ ఆ గోతిలోకి జారుతున్నట్టు కనిపించాయి. చివరికి, “మా అమ్మమ్మ... మాటిచ్చాను... ఒకరి నోరు తగిలింది ఇంకొకరు... మా ఇంట్లో అమ్మ గ్లాసులో కూడా నేను తాగను. నా గ్లాసులో ఎవరూ తాగరు” అన్నాను. ఏడుపొచ్చేసిందని చెప్పడానికి ఇప్పుడు సిగ్గెందుకు?

మీసాలాయన లేచాడు. “నాతో రా” అని నా భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకెళ్ళాడు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. లోపల బారు పక్క గోడకి ఇనుప కమ్మీల తలుపున్న చెక్క బీరువా, దానికి తాళం. కమ్మీల వెనక వరసగా మట్టి కూజాల్లాంటి మగ్గులు, ఒక్కోదానికి తగరపు మూత. బుట్టచేతులామె తాళం తీస్తే, ఆయన ఒక మగ్గు తీసి నా ముందు పెట్టాడు.

“ఇది మా నాన్నది” అన్నాడు. “ఇక్కడికి రోజూ వచ్చేవాళ్ళకి ఎవరి మగ్గు వాళ్ళకుంటుంది. దాంట్లో ఇంకొకడు తాగకూడదు. ఒకసారి మా మామయ్య పొరపాటున ఇందులో తాగాడు. మా నాన్న ఆ సంవత్సరం క్రిస్మస్‌కి ఆయన్ని పిలవలేదు.” కాసేపు మూత తెరిచి మూస్తూ నిలబడ్డాడు. “మీ అమ్మమ్మా మా నాన్నా కలిస్తే బాగా కుదిరేది. ఎవరి గ్లాసుతో వాళ్ళు, చెరో బల్ల దగ్గర.”

బయటికొచ్చేసరికి బుట్టచేతులామె బూటుని తలకిందులుగా పట్టుకుని నిలబడింది. ఒక్క చుక్క రాలలేదు. ఒలికిపోయింది లెక్కలోకి రాదని మీసాలాయన వాదించాడు. “ఖాళీ అంటే ఖాళీ. ఎక్కడికి పోవాలో షరతుల్లో లేదు” అని ఆవిడ తోలు నిక్కరు ఆయన చేతిలో పెట్టింది. ఆ సాయంత్రం మా మేనేజరు, తడిసి వేలాడే మీసాలతో, ఎవరో భారీ మనిషికి కుట్టిన నిక్కరు జారకుండా రెండు చేతులా పట్టుకుని బ్యాండు ముందు ఎగురుతుంటే, ఓడించినవాణ్ణి నేనని నన్ను బెంచీ ఎక్కించి చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఆయన ఎగిరే ప్రతి గంతూ నా పర్మిట్ మీదే పడుతున్నట్టుంది.

ఇంటికెళ్ళి జరిగింది చెబితే బావ తల పట్టుకున్నాడు. “ఆపిల్ జ్యూస్ పట్టుకుని నవ్వుతా కూర్చోరా అంటే, మేనేజరుకి తలంటి పోసొచ్చావా!”

సోమవారం పొద్దున్నే మీసాలాయన గదిలోకి పిలిచాడు. మీసాలు మళ్ళీ పైకి లేచి ఉన్నాయి. “నిన్ను రెండో కో-ఆప్‌కి మళ్ళీ తీసుకోమని నేను గురువారమే చెప్పేశాను” అన్నాడు. “పని బాగా చేశావు కాబట్టి చెప్పాను. బీరు చూసి ఉద్యోగాలిస్తామని నీకెవరు చెప్పారు?” (ఎవరు చెప్పారో నేను చెప్పలేదు.) “అయితే శుక్రవారం చూశాక ఒక షరతు పెడుతున్నాను. అలా తాగడం నాకు నేర్పాలి.”

ఆ రెండో కో-ఆప్ టర్మంతా ఆఫీసు వంటగదిలో టీ వేళకి మీసాలాయనకి పాఠాలు. ఆయన చొక్కా మార్చుకోవడానికి ఇంటినుంచి ఇంకో చొక్కా తెచ్చుకునేవాడు. ధార సరిగ్గానే మొదలయ్యేది గానీ మీసాల మీద పడి రెండు పాయలుగా చీలి చెరో చెవిలోకీ పోయేది. “మెల్లగా, ధార తెగనీయకండి” అని నేను తెలుగులోనే అరిచేవాణ్ణి, ఇంగ్లీషులో ఆ మాటకి ఆ రుచి రాలేదు. ఫోన్లో అమ్మమ్మకి చెబితే, బీరు సంగతి దాటేసి మిగతాది చెప్పాన్లెండి, ఆవిడ సంబరం ఇంతా అంతా కాదు. “మీసాలు అడ్డమొస్తే మెడ ఇంకాస్త వాల్చమను. గ్లాసు కుడిపక్క నించి పట్టమను. పాపం పెద్దమనిషి, ఎవరూ నేర్పలేదు కామోసు” అంది. మర్నాడు అలాగే చేయమన్నాను. గ్లాసు నీళ్ళు, చుక్క పడకుండా లోపలికెళ్ళిపోయాయి. ఆయన వంటగదిలోంచి చేతులు పైకెత్తుకుని బయటికి పరిగెత్తాడు. ఆ రోజు నుంచి అమ్మమ్మ ఫోన్ చేసినప్పుడల్లా నా కంటే ముందు ఆయన్నే అడిగేది. “మా మీసాల అబ్బాయి బాగున్నాడా?”

కెనడాలో శాశ్వతంగా ఉండనిచ్చే పీఆర్ నాకు రాకముందే అమ్మమ్మ పోయింది. వెళ్ళలేకపోయాను. అప్పటికి నేను వేరే కంపెనీలో ఉన్నా, సంగతి తెలిసి మీసాలాయన మా బేస్‌మెంట్‌కి వచ్చాడు. మంచినీళ్ళు అడిగి, గ్లాసు ఎత్తి పోసుకుని తాగి, కడిగి బోర్లించి వెళ్ళాడు. ఇంతకంటే గొప్ప పరామర్శ నాకెవరూ చేయలేదు.

ఇప్పుడు మిల్టన్‌లో మా టౌన్‌హౌస్, టొరంటో రైలు, మూతలున్న కాఫీ కప్పులు, స్ట్రా ఉన్న నీళ్ళ సీసాలు. పెదవి పెట్టకుండా ఏదైనా తాగి ఎన్నేళ్ళయిందో నాకే తెలియదు. పోయిన వేసవిలో మా ఆవిడనీ పాపనీ తీసుకుని ఆ బీర్ గార్డెన్‌కి వెళ్ళాను. దారిపొడుగునా పాపకి నా బూటు కథ చెప్పుకుంటూ వెళ్ళాను. (కథలో మీసాలాయన మీద బీరు పడలేదు.) ఆయన తన బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. మీసాలు తెల్లబడ్డాయి గానీ చివరలు ఇంకా పైకే ఉన్నాయి. డాక్టర్లు బీరు మానిపించారట, ఆయన ముందు మంచినీళ్ళ గ్లాసు ఉంది.

“నాన్నా, షో మీ!” అంది పాప. “యూ సెడ్ యూ వర్ ది ఛాంపియన్!”

ఛాంపియన్ గ్లాసు ఎత్తాడు. మెడ వాలింది, చెయ్యి లేచింది. నీళ్ళు ముక్కులోకి పోయాయి, కళ్ళలోకి పోయాయి, కొత్త చొక్కాలోకి పోయాయి. నేను దగ్గుతూ కూర్చున్నాను. అప్పుడు మీసాలాయన తన గ్లాసు తీసుకున్నాడు. చేతికి వణుకుంది. అయినా మెడ ఇంకాస్త వాల్చి, గ్లాసు కుడిపక్క నుంచి పట్టి, పైనించి పోసుకున్నాడు. ధార వణికింది గానీ తెగలేదు. ఒక్క చుక్క మీసం మీద పడలేదు.

పాప నన్ను వదిలేసి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. ఆయన ఒక చిన్న గ్లాసు తెప్పించి దాని చేతికిచ్చి, గడ్డం కింద వేలు పెట్టి తల పైకెత్తి, జర్మనూ ఇంగ్లీషూ కలిసిన ఆ గొంతుతో అన్నాడు: “మెల్-గా... దార... తెగ్-నీయకు.”

నేను మొహం తుడుచుకుంటుంటే మా ఆవిడ టిష్యూ అందిస్తూ, “చూడండి, కళ్ళనిండా నీళ్ళు పోసుకున్నారు” అంది. అవును, గ్లాసులోవే అన్నాను.